జయశీల దాచిపెట్టిన పురుడు

ఇప్పుడు బోగోలు చర్చి వీధిలో ఈ సంగతి ఎవరెత్తినా నవ్వులే. జయశీల కూడా నవ్వుతుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతుంది. ఆ గురువారం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఏది దాచాలో ఏది చూపాలో తెలియక, ఇంట్లో ఉన్న మంచినంతా తీసుకెళ్ళి గోడవతల దాచింది. ఆ దాపరికంతో ఇల్లే పోగొట్టుకునేదాకా తెచ్చుకుంది. తెలివి తక్కువ మనిషేం కాదు. భయం ఎక్కువైతే ఎంత తెలివైనా ఎందుకు పనికొస్తుంది!

జయశీలది కొడవలూరు దగ్గర ఓ పల్లె. నాన్న వారమంతా నాట్లకూ కోతలకూ పోయి, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. ఆమెకు పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, భర్త కామెర్లతో పోయాడు. ఒంటికాయ సొంఠికొమ్ములా మిగిలిన మనిషి కావలిలో ఒక అనాథపిల్లల హోమ్‌లో వంటమనిషిగా చేరింది. అక్కడి ఆడపిల్లలు ఆమెను ఆయమ్మా అని పిలిచేవారు. ఆమె చేతివంటకు పేరుండేది, నోటికి అంతకంటే ఎక్కువ పేరుండేది. చారులో ఉప్పెక్కువైందని వంక పెట్టిన పిల్లకు మర్నాడు ఉప్పే వేయని చారు పోసి, తాగేదాకా పక్కనే నిలబడేది. ఆ పిల్లకే జ్వరమొస్తే రాత్రంతా తలాపి దగ్గర కూర్చునేదీ ఆమే.

ఆ హోమ్‌లో ఆమెకు మింగుడుపడని నియమం ఒక్కటే. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్ల అక్కడ ఉండకూడదు. బయటి పిల్లలకు పద్దెనిమిదో పుట్టినరోజంటే కేకు, కొత్త గుడ్డలు. అక్కడి పిల్లలకు ఒక సంచీ, ఒక సర్టిఫికెట్ల కవరు, గేటు దాకా తోడు. ఆ తర్వాత ఎక్కడికంటే ఎవరూ చెప్పలేరు. ఏంజెలిన్ అనే పిల్ల అలాగే సంచీ పట్టుకుని వెళ్ళింది. పొద్దంతా కావలి బస్టాండులో కూర్చుంది. ఏ బస్సెక్కాలో తెలియక సాయంత్రానికి మళ్ళీ గేటు దగ్గరికే వచ్చింది. వాచ్‌మన్ తాళం తీయలేదు, తీస్తే అతని ఉద్యోగం పోతుంది. జయశీల ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన అద్దె గదికి తీసుకుపోయింది. మరుసటి నెల ఇంకో పిల్ల వచ్చింది. ఆ గదిలో కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయింది.

అప్పుడు పాస్టరుగారు చెప్పారు, హైదరాబాదులో ఒక ట్రస్టుందనీ, హోముల నుంచి బయటపడ్డ పిల్లలు నిలదొక్కుకునేదాకా ఉండటానికి ఇల్లూ తిండీ చదువూ చూసేందుకు గ్రాంటు ఇస్తుందనీ. ఆయనే అర్జీ రాసిపెట్టారు. అలా బోగోలులో చర్చి వెనక వీధిలో, సముద్రపు గాలికి గోడల సున్నం పెచ్చులూడే ఒక పెంకుటింట్లో ఆరుగురు ఆడపిల్లలతో ఆ ఇల్లు మొదలైంది. పిల్లలు ఇరవయ్యొకటి నిండేదాకా అక్కడుండొచ్చు. ఒకరు నర్సింగు నేర్చుకుంటారు, ఒకరు బట్టల కొట్లో చేరతారు, ఇంకొకరు రొయ్యపిల్లల హ్యాచరీలో పనికి కుదురుతారు. నిలదొక్కుకున్నవాళ్ళు వెళ్తారు, కొత్త సంచీలు వస్తాయి. గ్రాంటు అనే మాట మొదట్లో జయశీలకు నోరే తిరిగేది కాదు. పోను పోను అది ఆమె ప్రార్థనలోకి కూడా ఎక్కింది. "ప్రభువా, మా పిల్లలను కాపాడు, మా గ్రాంటును కాపాడు" అని ఆమె కళ్ళు మూసుకుని అడుగుతుంటే, పాస్టరుగారు ఆమెన్ అనే ముందు కాస్త దగ్గి నవ్వాపుకునేవారు.

అయితే గ్రాంటు ఇచ్చేవాళ్ళు మూడేళ్ళకోసారి మనిషిని పంపి చూసుకుంటారు. బాగుందనిపిస్తే పొడిగిస్తారు, లేదంటే ఆపేస్తారు. ఒకసారి నెల్లూరులో ఇలాంటి ఇళ్ళు నడిపేవాళ్ళందరికీ శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "వెళ్ళిన పిల్ల తిరిగొచ్చిందంటే మీరు ఓడిపోయినట్టే. వాళ్ళ కాళ్ళమీద వాళ్ళు నిలబడాలి" అన్నాడు. ఆయన అన్నది మంచికే అయి ఉంటుంది. కానీ ఆ మాట జయశీల గుండెలో మేకులా దిగింది.

ఎందుకంటే ఆ ఇంటికి తిరిగిరాని పిల్లంటూ లేదు. క్రిస్మసుకు వస్తారు. ఆదివారం చర్చి అయ్యాక అన్నానికి వస్తారు. మొగుడితో మాటా మాటా వస్తే బస్సెక్కి వచ్చి, వంటింట్లో ఉల్లిపాయలు తరిగినంతసేపు ఏడ్చి, చేపల పులుసు తిని, సాయంత్రానికి ముఖం కడుక్కుని వెళ్ళిపోతారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా జయశీలకు కడుపు నిండేది, ఆ వెంటనే గుబులు పుట్టేది. ఇంతమంది తిరిగొస్తున్నారంటే తాను ఎన్నిసార్లు ఓడినట్టో!

అలాంటి సమయంలో ఫేబీ వచ్చింది.

ఫేబీ ఆ ఇంట్లో పెరిగి వెళ్ళిన పిల్లే. చిల్లకూరు దగ్గర హైవే మీద టైర్ల కొట్టు పెట్టుకున్న మాథ్యూను చేసుకుంది. మాథ్యూ నెమ్మదస్తుడు. అతని తల్లి రాహేలమ్మ మాత్రం ఇద్దరి పెట్టు. ఫేబీకి నెలలు నిండుతుండగా ఆమె తేల్చిచెప్పింది. "తొలికాన్పు పుట్టింట్లో జరగాల. మా ఇంట్లో ఏ కోడలికీ తొలిపురుడు మేం పోసింది లేదు. నీకు పుట్టిల్లు లేకపోతే నన్నేం చేయమంటావు?"  ఫేబీ నిండు కడుపుతో, చేతిలో సంచీతో బోగోలులో బస్సు దిగింది.

 జయశీల సంచీ అందుకుని, మధ్యగదిలో మంచం వాల్చి, "కాళ్ళు వాచినయ్యి, పైకి పెట్టుకో" అంది. ఆ రోజు నుంచి ఇంటికి కొత్త కళ వచ్చింది. ఆ ఆరుగురు పిల్లల్లో ఒక్కరైనా తమ ఇంట్లో పురుడు చూసినవాళ్ళు కారు. పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టారు. చర్చి మెట్ల మీద కూర్చుని పేర్లు ఏరారు, పేర్ల దగ్గర కొట్లాడుకున్నారు. పక్కింటి ఆదిశేషమ్మ బాలింత కాయానికి కావలసిన దినుసులన్నీ తానే దగ్గరుండి దంపించింది. వీళ్ళు ప్రార్థన చేసుకుంటే ఆమె పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంది. ఎవరి దేవుడికి వాళ్ళు చెప్పుకున్నారు, అడిగింది మాత్రం ఒకటే.

అంతలో ట్రస్టు నుంచి ఫోను వచ్చింది. వినీలగారనే ఆమె గురువారం వస్తుందట. ఆమె చూసి రాసినదాన్ని బట్టే గ్రాంటు ఉండేదీ పోయేదీ తేలుతుందట.

జయశీల ఫోను పెట్టేసి గోడకు చేరగిలబడింది. గ్రాంటు పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ఈ ఆరుగురూ ఎక్కడికి? అందరిలోకి పెద్దదైన షారన్ హ్యాచరీలో పని నేర్చుకుంటోంది, ఇంకా జీతానికి రాలేదు. అందరిలోకి చిన్నది అబిగయీలు హోమ్ నుంచి వచ్చి వారమైనా కాలేదు. సంచీ ఇంకా విప్పకుండా మంచం కింద పెట్టుకుంది, మళ్ళీ ఎప్పుడు పొమ్మంటారోనని. ఆ సంచీ గుర్తుకొచ్చి జయశీల మధ్యగది వైపు చూసింది. ఇరవయ్యొకటి దాటిన పిల్ల, పెళ్ళయి వెళ్ళిన పిల్ల, గర్భంతో తిరిగొచ్చి మధ్యగదిలో ఉందని తెలిస్తే ఆ వచ్చే ఆమె ఇంకేం చూస్తుంది, ఇంకేం రాస్తుంది?

గురువారం తెల్లారేసరికి ఫేబీని, మంచాన్ని, పొత్తిగుడ్డలను, కాయం సీసాను ఆదిశేషమ్మ ఇంటికి తరలించింది. వెళ్ళిపోయిన పిల్లలందరికీ ఫోన్లు చేసి, తాను చెప్పేదాకా ఎవరూ ఈ వైపు రావద్దంది. ఆదిశేషమ్మ మంచం పట్టీ పట్టుకుని లోపలికి లాగుతూనే తిట్టింది.

"దాచేదానికి ఇదేమన్నా దొంగసొత్తా మే? కడుపుతో ఉండే బిడ్డను ఇల్లు మారుస్తావా?"

"ఒక్క పూటక్కా. ఆ మేడం వచ్చి చూసుకుని పోతుంది. నీ కాళ్ళకు దండం పెడతా."

"నా కాళ్ళెందుకులే. నీ ముఖం చూడు ముందు, దొంగతనం చేసినట్టే ఉండాది."

ఫేబీ మాత్రం నవ్వింది. "నేను బాగుండా ఆయమ్మా, నువ్వు పో" అంది. అప్పటికే నడుము పట్టేసినట్టుందని ఆ పిల్ల చెప్పలేదు. చెప్తే ఆయమ్మ ఎక్కడ కంగారు పడుతుందోనని దాచుకుంది. ఆ ఇంట్లో ఆ రోజు అందరూ ఏదో ఒకటి దాచినవాళ్ళే.

వినీల కారు దిగింది. ముప్పై దాటిన మనిషి, పలుచటి చేనేత చీర, ఎండకు కందిన ముఖం. జయశీల ఊహించుకున్నట్టు గద్దించే మనిషి కాదు. పిల్లలతో కూర్చుని మాట్లాడింది, షారన్ చేసే పని గురించి అడిగింది, వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చుని మజ్జిగ తాగింది. జయశీల గుండె కొంచెం కుదుటపడింది. ఇంకాస్తసేపు గడిస్తే గండం గట్టెక్కినట్టే అనుకుంది.

"ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలు మళ్ళీ వస్తుంటారా జయశీలగారూ?" అని అడిగింది వినీల.

జయశీల ఆ ప్రశ్న కోసమే వారం రోజులుగా కాచుకుని ఉంది. ఇంట్లో అద్దం ముందు కూడా జవాబు చెప్పుకుని చూసుకుంది. "రారు మేడం. ఒక్కరు కూడా రారు. పోయినోళ్ళు పోయినట్టే. వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడినారు" అంది, గొంతు తడబడకుండా.

వినీల చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ముఖంలో కళ తప్పింది. "ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట వింటున్నానండీ. మూడేళ్ళు పెట్టుకుని పంపేస్తున్నారు. ఆ తర్వాత పిల్లకు జబ్బు చేస్తే, కష్టమొస్తే ఎవరున్నారంటే ఎవరూ లేరు. హోమ్ చేసే పనే మనమూ చేస్తున్నాం, కాకపోతే మూడేళ్ళు ఆలస్యంగా. అలాంటి ఇళ్ళకు ఈసారి గ్రాంటు ఆపేద్దామని మావాళ్ళు అంటున్నారు. మీ ఇల్లు చూసి, ఇక్కడైనా వేరుగా ఉంటుందేమో అనుకున్నాను."

 ఇప్పుడు నిజం చెప్తే జయశీల అబద్ధాలకోరు అవుతుంది. చెప్పకపోతే ఇల్లు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుమ్మం దగ్గర నిలబడ్డ షారన్ ఆమె వంక చూస్తోంది, చెప్పు ఆయమ్మా చెప్పు అన్నట్టు. నెల్లూరులో మైకు పట్టుకున్న ఆ పెద్దమనిషి ఎదురుగా ఉంటే అట్లకాడ తీసుకుని ఏం చేసేదో జయశీలకే తెలియదు.

ఆమె నోరు తెరిచేలోపు పెరటి తలుపు దబ్బున తెరుచుకుంది. ఆదిశేషమ్మ వచ్చి నడివంటింట్లో నిలబడింది.

"జయమ్మా, దాచింది చాల్లేమే. నీ బిడ్డకు నొప్పులు మొదలైనాయి. తెల్లారినుంచీ ఓర్చుకునుండాది పిచ్చిది."

"ఎవరి బిడ్డకు?" అంది వినీల.

"ఈమె బిడ్డకే. తొలికాన్పుకు పుట్టింటికొచ్చింటే, మీరొస్తారని తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టింది. పెద్దచదువు చదివినోళ్ళు మీరైనా చెప్పండమ్మా, పురిటికొచ్చిన బిడ్డను ఎవరైనా దాస్తారా?"

ఆ తర్వాత మాటలకు వ్యవధి లేదు. వినీల తన కారు గేటు దాకా తెప్పించింది. ఫేబీని వెనక సీట్లో జయశీల ఒళ్ళో పడుకోబెట్టారు. కావలి ఆసుపత్రి దాకా దారంతా ఒక పక్క ఫేబీ మూలుగుతుంటే, ఇంకో పక్క జయశీల దాచిందంతా కక్కేసింది. ఆదివారం అన్నాలు, క్రిస్మసు, ఉల్లిపాయల ఏడుపులు, మొన్న చేసిన ఫోన్లు, అన్నీ.

"అబద్ధం చెప్పినాను మేడం. నన్నేమన్నా అనండి. ఆ పిల్లల ఇల్లు మాత్రం తీసేయకండి. ఈ బిడ్డ ఎవరింటికి పోతుంది చెప్పండి?"

ముందు సీట్లోంచి వినీల వెనక్కి తిరిగింది. "అబద్ధం చెప్పారని రాయక తప్పదు" అంది. "చూసింది కూడా రాస్తాను."

ఆసుపత్రి వరండాలో ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. వినీల వెళ్ళిపోతుందనుకుంది జయశీల. వెళ్ళలేదు. ఇంతలో షారన్ ఫోన్ల పుణ్యమా అని పిల్లలు దిగడం మొదలుపెట్టారు. బట్టల కొట్టునుంచి ఒకరు మెడలో టేపుతోనే వచ్చేశారు. ఒకరు చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చారు. ఏంజెలిన్ ఇప్పుడు అదే కావలిలో బస్టాండు పక్కన టిఫిన్ల కొట్టు నడుపుతుంది. ఫ్లాస్కులో అందరికీ టీ తెచ్చింది. వచ్చిన ప్రతి పిల్లా జయశీల మీద కోప్పడటమే. మమ్మల్నెందుకు రావద్దన్నావని ఒకరు, నొప్పులొస్తుంటే చెప్పవా అని ఒకరు. వినీల వాళ్ళందరినీ చూసి, టీ అందుకుంటూ, "వీళ్ళేనా, ఒక్కరు కూడా రానివాళ్ళు?" అంది. జయశీలకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నర్సు బయటికొచ్చి వరండా నిండా ఉన్న జనాన్ని చూసి కసిరింది. "ఏందమ్మా ఇది, సంత పెట్టినారా? ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు. ఒక్కరు రండి లోపలికి."

జయశీల లోపలికి వెళ్ళింది. ఫేబీ నీరసంగా నవ్వింది. జయశీల పసిదాన్ని ఎత్తుకుని "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఏడ్చేసింది.  అంత ఏడుపు ఆమెలో ఉందని ఆ పిల్లలెవరికీ అప్పటిదాకా తెలియదు.

వినీల ఆ సాయంత్రమే హైదరాబాదు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో జయశీల పైకి బాలింత పత్యాలు చూసుకుంటూ, లోపల మాత్రం ఉడికిపోయింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఒక పొద్దున రేవు నుంచి తెచ్చిన పాలసొర పొయ్యి మీద ఉడుకుతోంది. చిన్నసొరచేప అది, బాలింతకు పాలు పడతాయని ఈ తీరమంతా పెడతారు. అప్పుడు మోగింది ఫోను.

"పొడిగించారండీ జయశీలగారూ. మూడేళ్ళు. ఇంకో మాట. వెళ్ళిన పిల్లలు కాన్పుకో, జబ్బుకో, ఊరికే చూడటానికో వస్తే ఉండటానికి ఒక గది వేరుగా ఉండాలని రాశాను. ఒప్పుకున్నారు. మిగతా ఇళ్ళలో కూడా అలాగే పెట్టమంటున్నారు" అని చెప్పి వినీల, "ఈసారి నేను వచ్చినప్పుడు ఎవర్నీ దాచకండి" అంది.

జయశీల పొయ్యి ముందే చతికిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరో గొంతు మీద కాలు పెట్టి ఇప్పుడు తీసినట్టు ఊపిరి ఆడింది. పులుసు మాడు వాసన వచ్చినా లేవలేదు. షారన్ పరుగున వచ్చి గిన్నె దించి, సంగతి విని, ఇల్లంతా కేకలు వేసుకుంటూ తిరిగింది. ఆ సాయంత్రం అబిగయీలు మంచం కింది సంచీ విప్పి, తన గుడ్డలు కొక్కేలకు తగిలించుకుంది. ఎవరూ చెప్పలేదు. జయశీల చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

నెల తిరగ్గానే రాహేలమ్మ ఆటోలో దిగింది, వెంట మాథ్యూ. పురుడైన మర్నాడు ఆసుపత్రికొచ్చి మనవరాలిని చూసినప్పటినుంచీ ఆమెకు చిల్లకూరులో కాలు నిలవడం లేదు. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని ముద్దాడి, ఆ తర్వాత తీరిగ్గా అసలు మాట చెప్పింది.

"పురుడైపోయింది కదమ్మా. నెల కూడా నిండింది. ఈ రోజే తీసకపోతాం. హోమ్‌లో ఎన్నాళ్ళని ఉంటారు తల్లీబిడ్డా?"

ఫేబీ తలుపు చాటునుంచి జయశీల వంక చూసింది. ఆ ఫోను రాకముందయితే జయశీల సరేననేదే, ఏ హక్కుతో కాదంటుంది? తన ఇల్లే తనకు ఉంటుందో లేదో తెలియని మనిషి. ఇప్పుడామె చేతులు తుడుచుకుంటూ వచ్చి రాహేలమ్మకు ఎదురుగా కూర్చుంది.

"పంపను" అంది.

"పంపకపోవడమేంది?"

"మూడో నెల వచ్చినాక పంపుతాం. అప్పటిదాకా బాలింత ఇక్కడే ఉంటుంది, పత్యం ఇక్కడే తింటుంది. ఆ తర్వాత బిడ్డకు ఉయ్యాల, తల్లికి చీర పెట్టి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి మేమే తీసుకొచ్చి దిగబెడతాం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని చెప్పింది మీరే కదా. పుట్టింటోళ్ళు పంపినప్పుడే తీసకపోవాల. అది కూడా పద్ధతే."

మాథ్యూ నవ్వు దాచుకోవడానికి బయటికి చూశాడు. రాహేలమ్మ ఏదో అనబోయింది. గుమ్మంలో ఆరుగురు పిల్లలు, వాళ్ళ వెనక నడుము మీద చేయి పెట్టుకుని ఆదిశేషమ్మ. రాహేలమ్మ ఒకసారి వాళ్ళందరినీ చూసింది, ఒళ్ళో పసిదాన్ని చూసింది. పెళ్ళినాటి నుంచీ జయశీలను వార్డెనమ్మా అనే పిలిచిన మనిషి ఆమె.

"అట్నే కానీలే వదినా" అంది. "పుట్టింటోళ్ళ మాట కాదంటామా?"

జయశీల అన్నం వడ్డించడానికి లేచింది.